నాలుగో ఖర్జూరం చెట్టు

మా ఇంట్లో ఏది కొన్నా నేనే కొంటాను. ఫ్రిజ్ నేనే, పరుపులు నేనే, చివరికి మా ఆయన చెప్పులు కూడా నేనే. ఆయన పేరు ప్రేమచంద్. షాపులో చేతులు వెనక్కి కట్టుకుని ఒక పక్కగా నిలబడతారు, బిల్లయ్యాక సంచీ మోస్తారు. పదిహేడేళ్ళ కాపురంలో ఈ పద్ధతి మీద మా ఇద్దరికీ ఏనాడూ పేచీ రాలేదు. పోయిన ఎండాకాలంలో వచ్చింది. వచ్చిందని కూడా ఆయన పైకి అనలేదు, నేనే చెబుతున్నాను.

మేముండేది మస్కట్‌లో, వాడి కబీర్ అనే పేటలో. నేను రూవీలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వార్డు ఇన్‌ఛార్జి నర్సుని. ఆయన అల్ ఖువైర్‌లో ఒక కన్సల్టెన్సీ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. ఇళ్ళకి ప్లాన్లు గీస్తారు. పందొమ్మిదేళ్ళుగా అదే ఆఫీసు, అదే కిటికీ పక్క బల్ల. మే నెలాఖర్లో ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పకుండా సోఫాలో కూర్చున్నారు. మా ఇంట్లో బూట్లతో లోపలికి రావటమంటే చిన్న విషయం కాదు. పప్పు పొయ్యి మీద నుంచి దించి వచ్చాను.

"రుఖయ్యా మేడం పిలిచింది," అన్నారు. రుఖయ్యా ఆ ఆఫీసుకి కొత్తగా వచ్చిన ఒమానీ ఇంజనీరు. ముప్పై ఏళ్ళుంటాయేమో.

"ఏమంటదీ?"

"ఇక ప్లాన్లు గీస్తే చాలదంట. ఇల్లు కట్టించుకునేవాళ్ళు కాగితం చూట్టంలేదంట. ఇంట్లోకి నడిచెళ్ళినట్టు వీడియో కావాలంట, త్రీడీలో. సెప్టెంబరు నెలాఖరికి నా కాంట్రాక్టు అయిపోద్ది గదా. ఆలోపల ఒక ఇల్లు అట్టా చేసి చూపించమంది. చూపిస్తే ఇంకో రెండేళ్ళు ఉంచుతారు."

"చూపించకపోతే?"

"చూపించకపోతే ఏముంది, సామాన్లు సర్దుకోవటమే," అని అప్పుడు వంగి బూట్లు విప్పారు. యాభై ఒకటో ఏట, ఈ దేశంలో, ఇంకో ఆఫీసు ఆయన్ని పిలిచి కుర్చీ వేస్తుందని మా ఇద్దరికీ ఆశ లేదు. నా ఒక్క జీతంతో ఈ ఫ్లాటూ, ఏడో తరగతిలో ఉన్న మా సెలిన్ స్కూలూ నడవవు. సర్దుకోవటమంటే ముగ్గురం సర్దుకోవటమే.

ఆఫీసులో నేర్చుకునే తీరిక ఉండదు, ఇంట్లోనే నేర్చుకోవాలి. దానికి మామూలు ల్యాప్‌టాప్ పనికిరాదట. ఆటలాడే కుర్రాళ్ళు కొంటారే, గేమింగ్ ల్యాప్‌టాప్, అది కావాలట. అందులో గ్రాఫిక్స్ కార్డని ఒకటి ఉంటుందనీ, తెర మీద వెలుగులూ నీడలూ పుట్టించేది అదేననీ ఆఫీసులో పిల్లలు చెప్పారట. ఒక చీటీ మీద ఏవో అంకెలు రాయించుకుని వచ్చి నా చేతిలో పెట్టారు. కొనేది నేనే కదా మరి.

మర్నాడు డ్యూటీ దిగి, యూనిఫారంతోనే రూవీలో కంప్యూటర్ల షాపుకి వెళ్ళాను. అక్కడ ఫర్హాన్ అని హైదరాబాదు కుర్రాడు. మా వార్డు వాళ్ళందరూ అతని దగ్గరే కొంటారు. చీటీ చూసి రెండు ల్యాప్‌టాప్‌లు బల్ల మీద పెట్టాడు. చూడ్డానికి రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి.

"ఇది నాలుగు జీబీ కార్డు ఆంటీ. ఇది ఎనిమిది. చీటీలో రాసింది ఇదే, ఎనిమిది."

రెండింటికీ నూట ఇరవై రియాళ్ళు తేడా. నేను తక్కువదాని మీద చెయ్యి వేశాను. "ఇప్పటికిది చాలదా? కావాలంటే తర్వాత కార్డు మార్పించుకుంటాం."

ఫర్హాన్ తల అడ్డంగా ఊపాడు. "అదే నై అవ్వది. ల్యాప్‌టాప్‌ల ర్యామ్ పెంచొచ్చు, స్టోరేజ్ పెంచొచ్చు. గ్రాఫిక్స్ కార్డు మాత్రం బోర్డుకే టంకం పెట్టి ఉంటది. ఒక్కసారి కొన్నరా, కొన్నదే. ముందే చెప్తున్నా, బాద్ మే నన్ను అనొద్దు."

"మరి మార్చుకునేది లేదా?"

"మార్చుకోవాల్నంటే డెస్క్‌టాప్ తీస్కోండి. పెద్ద డబ్బా."

"డబ్బాలు మాకెందుకు బాబూ, వెళ్ళేటప్పుడు సూట్‌కేసులో పట్టాలి," అన్నాను. పదహారేళ్ళుగా ఈ దేశంలో ఏ వస్తువునైనా నేను ముందు ఆ కొలతతోనే చూస్తాను.

"అట్లైతే ఎనిమిదిదే తీస్కోండి. ఒకసారి అంకుల్‌ని తీస్కొచ్చి అడగరాదు?"

"అంకుల్‌కి ఇవన్నీ తెలియవులే," అని నాలుగు జీబీది కట్టించేశాను.

నా మనసులో ఉన్నది ఇక్కడే చెప్పేస్తాను. నూట ఇరవై రియాళ్ళ కోసం కాదు. ఆయన వల్ల కాదనుకున్నాను. ఫోనులో ఫోటో పంపమంటే సెలిన్‌ని పిలిచే మనిషి, నాలుగు నెలల్లో త్రీడీ నేర్చుకుంటారా? పది రోజులు తంటాలు పడి, కళ్ళు మంటలని మూసేస్తారు. ఆ తర్వాత సెలిన్ చదువుకి పనికొస్తుంది, దానికి నాలుగు చాలు. లెక్క అదీ. ఇంత నమ్మకం లేనిదాన్ని అసలు ఎందుకు కొన్నానంటే, కొనకపోతే ఆ మాట ఆయనకి తెలిసిపోతుంది కాబట్టి.

ఇంటికి తెచ్చి తెరిచాక సెలిన్ ఎగిరి గంతేసింది. కీబోర్డు కింద ఎర్రదీ నీలందీ ఆకుపచ్చదీ లైట్లు పరుగులు తీస్తున్నాయి. ఆయన కళ్ళజోడు సవరించుకుని అట్టపెట్టె మీద అంకెలు చదివారు.

"వాళ్ళు రాసింది ఎనిమిది గదా కృపా. ఇది నాలుగంటుందే?"

"మొదలుపెట్టటానికి ఇది సరిపోద్దంట. తక్కువైతే తర్వాత కార్డు మార్చుకోవచ్చంట."

ఆసుపత్రిలో రోగి తాలూకు వాళ్ళతో, 'ఇప్పుడు అవన్నీ ఆలోచించకండి, తర్వాత డాక్టరుగారు చూస్తారు' అని చెప్పటానికి నాకొక గొంతు ఉంది. రెండు పదుల ఏళ్ళ సర్వీసులో పదునెక్కిన గొంతు. ఆ గొంతు విన్నవాళ్ళెవరూ రెండో ప్రశ్న వెయ్యరు. ఆయనా వెయ్యలేదు. "అయితే సరేలే," అన్నారు.

ఆ శుక్రవారం, ఇక్కడ శుక్ర శనివారాలు సెలవు కదా, మా చర్చి ఫెలోషిప్‌కి ల్యాప్‌టాప్‌ని తీసుకెళ్ళాం. అక్కడి తెలుగువాళ్ళం కొత్తదేది కొన్నా ప్రార్థన చేయించనిదే వాడం. కార్లకైతే అందరం పార్కింగులోకి దిగుతాం. పెద్దాయన ఇస్రాయేలుగారు ల్యాప్‌టాప్ మూత తెరిపించి, దాని మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నారు. చెయ్యి ఎక్కడో తగిలి లైట్లన్నీ వెలిగి, రంగులు ఆయన తెల్ల చొక్కా మీద ఆడటం మొదలుపెట్టాయి. వెనక పిల్లలు కిసుక్కుమన్నారు. ఇస్రాయేలుగారు అవేం పట్టించుకోకుండా, "ప్రభువా, ఈ యంత్రంలో ఏ కొదువా లేకుండా చెయ్యి తండ్రీ," అన్నారు. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టు, అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా నేను ఆమెన్ అన్నాను.

జూన్‌లో స్కూళ్ళకి సెలవులిచ్చారు. మా బిల్డింగులో సగం మంది ఇండియా వెళ్ళిపోయారు. మేము ఆ ఏడు టికెట్లు తియ్యలేదు. ఆయన ఆఫీసు నుంచి అయిదున్నరకి వచ్చి, టీ తాగి, ఆరింటికల్లా ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవారు. అది కాసేపటికే పెనంలా కాలేది. సెలిన్ వంటింట్లోంచి రెండు టిఫిన్ డబ్బా మూతలు తెచ్చి దాని కింద ఎత్తు పెట్టి, ఏసీకి ఎదురుగా జరిపింది. ఇద్దరూ చెరో కుర్చీలో కూర్చుని, ఎవరో ఉత్తరాది కుర్రాడు చెప్పే పాఠాలు చూసేవాళ్ళు. మాట అర్థం కానిచోట సెలిన్ ఆ హిందీకి అర్థం చెప్పేది, బొమ్మ అర్థం కానిచోట ఆయన సెలిన్‌కి చెప్పేవారు.

పది రోజులు అనుకున్నాను. పది రోజులకి తెర మీద నీళ్ళ కుళాయి ఒకటి తయారైంది. మెరుస్తూ, కింద చుక్క వేలాడుతూ. "కుళాయి బాగానే ఉంది, ఇల్లేదండీ?" అని వెక్కిరించాను. ఆయన నవ్వి, "ముందు నీళ్ళొస్తే ఇల్లు అదే వస్తుందిలే," అన్నారు.

తర్వాత తలుపు చేశారు. తలుపుకి కీళ్ళు చేస్తుంటే సెలిన్ విసుక్కుంది.

"డాడీ, లోపల కీలు ఎవరు చూస్తారు?"

"ఎవరూ చూడరమ్మా. కానీ తలుపు తెరిచినప్పుడు తేడా తెలిసిపోద్ది."

ఆ మాట నేను కూరగాయలు తరుగుతూ విన్నాను. సంతోషించాలి కదా. నాకు భయం వేసింది. ఈ మనిషి నేర్చేసుకుంటున్నారు. నేను కాదనుకున్న పని అవుతోంది. అది అవుతున్నకొద్దీ, నేనన్న ఆ 'తర్వాత' దగ్గరికొస్తోంది.

జూలై మొదట్లో రుఖయ్యా ఆయనకి నిజం ఇల్లే ఇచ్చింది. ఇబ్రీలో ఒక పెద్దాయన కట్టించుకునే విల్లా. ఇబ్రీ మాకు మూడు గంటల దూరం, ఎడారి వైపు ఊరు. ఆ పెద్దాయన పొలంలో పాత ఇంటి ముందు పదకొండు ఖర్జూరం చెట్లున్నాయి, వాళ్ళ నాన్న నాటినవి. కొత్త ఇల్లు ఆ చెట్ల వెనకే రావాలి. చెట్లు లేకుండా ఇల్లు చూపిస్తే ఆయన చూడనే చూడనన్నాడట.

తెర మీద ఇల్లు లేచింది. గోడలు, మజ్లిస్ అని వాళ్ళు అతిథులని కూర్చోబెట్టే గది, మెట్లు, అన్నీ. మా ఆయన ఒక ఖర్జూరం చెట్టు పెట్టారు. ఆకు ఆకుకీ వెలుగు, ఆకు ఆకుకీ నీడ. రెండోది పెట్టారు. మూడోది పెడితే ల్యాప్‌టాప్ ఫ్యాను రొప్పటం మొదలుపెట్టింది. నాలుగోది పెట్టగానే తెర నల్లబడి, గ్రాఫిక్స్ కార్డులో చోటు చాలదని ఒక హెచ్చరిక వచ్చి మొత్తం ఆగిపోయింది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ ఆగింది. చెట్టు సన్నం చేశారు, ఆకులు తగ్గించారు. ఏం చేసినా మూడే. నాలుగోది ఒప్పుకోదు.

"కార్డు మార్పిద్దామా కృపా? నువ్వన్నావు గదా," అన్నారు ఒక సాయంత్రం.

"ఫర్హాన్ ఊరెళ్ళాడండీ. రానీండి." వెళ్ళలేదు.

వారం తర్వాత మళ్ళీ అడిగారు. "ఆ కార్డు దుబాయి నుంచి రావాలంటండీ," అన్నాను. ఇంకో వారానికి, "నాకీ వారమంతా డ్యూటీలు ఎక్కువ, నేనెళ్ళి మాట్లాడతాగా, మీరు కంగారుపడకండి," అన్నాను. ఒక అబద్ధానికి కాపలాగా మూడు అబద్ధాలు పెట్టాల్సి వచ్చింది. ఒక్కోసారి వార్డులో బీపీ చూస్తూ నిజం చెప్పేద్దామనుకునేదాన్ని. ఇంటికొచ్చి, టిఫిన్ డబ్బా మూతల మీద రొప్పుతున్న దాన్నీ, దాని ముందు వంగిన ఆయన వీపునీ చూసి నేరుగా వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. చెప్పాలంటే కార్డు సంగతి ఒక్కటే చెబితే సరిపోదు కదా.

ఆగస్టు రెండో వారంలో ఒక శనివారం. నాకు డ్యూటీ. సాయంత్రం అయిదింటికి ఇంటికొస్తే ఆయన లేరు. ల్యాప్‌టాప్ కూడా లేదు, టిఫిన్ డబ్బా మూతలు రెండూ బల్ల మీద ఉన్నాయి. "డాడీ రూవీ వెళ్ళారు, నువ్వు బిజీ కదా, తనే వెళ్తానన్నారు," అంది సెలిన్. ఎప్పుడూ షాపుకి ఒంటరిగా వెళ్ళని మనిషి.

ఆరున్నరకి వచ్చారు. ఒళ్ళంతా చెమట. సంచీ బల్ల మీద పెట్టి, బూట్లు విప్పి, కాళ్ళు కడుక్కుని వచ్చారు.

"కార్డు మార్చరంట. దీనికి మార్చేదే ఉండదంట," అన్నారు.

తేలు కుట్టిన దొంగలా ఉన్నాను. "అవునా," అన్నాను.

"నీకు చెప్పానన్నాడు ఆ కుర్రాడు. కొన్నరోజే." తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "అన్నం అయిందా?"

పెట్టాను. తిన్నారు. పులుసులో ఉప్పు సరిపోయిందా అని అడిగితే, సరిపోయిందన్నారు. కంచం తనే తీసుకెళ్ళి కడిగి బోర్లించారు. అరిచి ఉంటే బాగుండేది. అరిస్తే నేనూ అరిచేదాన్ని, ఇద్దరికీ ఒక పని ఉండేది.

ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడటం మానెయ్యలేదు. పాలు తెచ్చారు, గ్యాసు మార్చారు, సెలిన్ స్కూలు మీటింగుకి వచ్చారు. ల్యాప్‌టాప్ సంగతులు మాత్రం నాకు చెప్పటం మానేశారు. అంతకుముందు నేను కూర తాలింపు వేస్తున్నా పిలిచి, "ఇటు చూడు, కిటికీలోంచి ఎండ ఎట్టా పడిందో," అనేవారు. ఇప్పుడు సెలిన్‌నే పిలుస్తున్నారు.

చెట్ల పని మాత్రం ఆపలేదు. మూడేసి చెట్లు పెట్టి, వీడియో తీసి, మళ్ళీ ఇంకో మూడు పెట్టి ఇంకోటి తీసి, అన్నీ ఒకదాని మీద ఒకటి పరిచి కలుపుతున్నారు. పాతరోజుల్లో ట్రేసింగు కాగితాలు ఒకదాని మీద ఒకటి పరిచి గీసేవాళ్ళట, అదే పద్ధతి. పొద్దున ఆఫీసుకెళ్ళే ముందు మొదలుపెట్టి వెళితే సాయంత్రం వచ్చేసరికి పావు వంతు అయ్యేది. కలిపాక చూస్తే ఒక చెట్టు నీడ ఇంకో చెట్టు మీద పడేది కాదు. నీడలు కలవక చెట్లన్నీ గాల్లో నిలబెట్టినట్టుండేవి. అలా ఆగస్టు అయిపోయింది. సెప్టెంబరు మొదటి వారమూ అయిపోయింది. ఇక మూడు వారాలే ఉన్నాయి.

నేను ఫర్హాన్ దగ్గరికి వెళ్ళాను. నన్ను చూడగానే నిలబడ్డాడు.

"ఆంటీ, నేను అంకుల్‌తోని తప్పేం చెప్పలే గదా?"

"లేదు బాబూ. నువ్వు రెండుసార్లూ నిజమే చెప్పావు," అన్నాను. "లోపల మార్చలేకపోతే, బయట ఏదన్నా దారుందా?"

ఉందట. బయట పెట్టే ఒక డబ్బా. అందులో డెస్క్‌టాప్‌కి వేసే పెద్ద గ్రాఫిక్స్ కార్డు బిగించి, కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి తగిలిస్తారు. దానికి ల్యాప్‌టాప్‌లో ఒక రకం పోర్టు ఉండాలి. అన్నిట్లో ఉండదు, మా దాంట్లో అదృష్టం కొద్దీ ఉంది. డబ్బా ఖరీదు వింటే, ఆ రోజు నేను మిగిల్చిన నూట ఇరవై రియాళ్ళు తలుచుకుని నవ్వొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవటమంటే ఇదే. పట్టుకున్నాను మరి. చీరల పెట్టె అంత అట్టపెట్టె మోసుకుని ఇంటికొచ్చాను.

ఆయన ల్యాప్‌టాప్ ముందున్నారు. పక్కన పెట్టాను.

"ఏందిది?"

"బయట పెట్టే కార్డండీ. పన్నెండు జీబీ. కేబుల్ తగిలిస్తే చాలంట."

ఆయన పెట్టె వంకా నా వంకా చూశారు. "నన్నడిగి తెచ్చావా?"

అప్పుడు తెలిసింది. తప్పు దిద్దుకుందామని వెళ్ళి కూడా, మళ్ళీ అదే తప్పు పట్టుకొచ్చాను. ఆయన, "సరే, పని పనే," అని సెలిన్‌ని కత్తెర తెమ్మన్నారు. టేపు కోసి, డబ్బా బయటికి తీసి, కాగితం చదువుకుంటూ తనే బిగించారు. కేబుల్ తగిలించటానికి బల్ల కిందకి వంగి, అక్కడి నుంచే అడిగారు.

"నేను నేర్చుకోలేననుకున్నావా కృపా?"

సెలిన్ నా మొహంలోకి చూసింది. నా వార్డు గొంతు గొంతుకలోకి వచ్చింది. 'అదేం లేదండీ, డబ్బు కలిసొస్తుందని' అని చెప్పచ్చు. నమ్మేవారు కూడా. నమ్మినట్టు కనిపించేవారు.

"అనుకున్నాను," అన్నాను.

బల్ల కింద కేబుల్ టక్కున పడింది. ఆయన మోకాళ్ళు పట్టుకుని లేచారు.

"మొదట్లో నేనూ అట్టాగే అనుకున్నా. నాతో అనుంటే, ఇద్దరం కలిసి అనుకునేవాళ్ళం," అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఇంతమంది రోగుల ముందు రాని ఏడుపు, ఆ మాటకి వచ్చింది. ఆయన ఓదార్చలేదు, విసుక్కోనూ లేదు. కుర్చీ లాక్కుని కూర్చుని ఇల్లు తెరిచారు. నాలుగో చెట్టు పెట్టారు. నిలబడింది. అయిదు. ఆరు. సెలిన్ గట్టిగా లెక్కపెడుతోంది. ఏడు, ఎనిమిది. నేను కొంగు మొహానికి అడ్డం పెట్టుకునే చూస్తున్నాను. పదకొండో చెట్టు పెట్టాక ఆయన ఎండని సాయంత్రానికి దించారు. పదకొండు నీడలు ఒకదాని మీద ఒకటి పడుతూ ఇంటి గోడ దాకా పాకాయి. సెలిన్ చప్పట్లు కొట్టింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

సెప్టెంబరు ఇరవై ఎనిమిదిన ఆఫీసులో చూపించారు. ల్యాప్‌టాప్ భుజాన, డబ్బా చక్రాల సంచీలో, విమానం ఎక్కేవాడిలా బయల్దేరారు. నేనూ డ్యూటీకి వెళ్ళానన్న మాటే. మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికొచ్చేశాను. నాలుగింటికి తలుపు తీసేసరికి ఆయన మొహం చూస్తేనే తెలిసిపోయింది.

ఇబ్రీ పెద్దాయన తనే వచ్చాడట. వీడియో మూడుసార్లు ఆపించి చెట్లు లెక్కపెట్టాడట. "బావి పక్క చెట్టు కొంచెం కుడివైపు ఒరిగి ఉంటుంది, నువ్వు నిటారుగా పెట్టావు," అన్నాడట. ఇంటి గురించి ఒక్కమాట అనలేదట. ఈయన అక్కడికక్కడే చెట్టుని కాస్త వంచి చూపించేసరికి, లేచి వచ్చి చెయ్యి పట్టుకున్నాడట. రుఖయ్యా కాంట్రాక్టు కాగితం అప్పటికప్పుడే టైపు చేయించిందట. రెండేళ్ళు. ఇదంతా ఆయన సెలిన్‌కి చెబుతుంటే నేను వంటింటి గుమ్మంలో నిలబడి విన్నాను.

అన్నాల దగ్గర మిగతాది చెప్పారు. ఇబ్రీలో వాళ్ళ ఆఫీసుకి ఒక బ్రాంచి ఉంది. అక్కడ ఇళ్ళు బాగా లేస్తున్నాయి, త్రీడీ చేసేవాళ్ళు ఒక్కరూ లేరు. ఇక్కడే ఉంటావా, అక్కడికెళ్ళి ఆ పని నువ్వే చూసుకుంటావా అని రుఖయ్యా అడిగిందట.

"నేను అక్కడికే అన్నాను," అన్నారు ఆయన.

"ఎప్పుడన్నారు?"

"అప్పుడే. అడగ్గానే."

సెలిన్, "మరి మేము?" అంది. "మీరిక్కడే. మమ్మీ డ్యూటీ ఇక్కడ, నీ స్కూలు ఇక్కడ. నేను గురువారం గురువారం వస్తా, శనివారం వెళ్తా," అన్నారు. చాలా రోజుల కిందటే కుదిరిపోయిన విషయంలా చెప్పారు. నేను పప్పు గిన్నె ఆయన వైపు జరిపాను. పందొమ్మిదేళ్ళ కిటికీ పక్క బల్లని ఒక్క మాటలో వదిలేసిన మనిషికి, ఇంకో గరిటె పప్పు కావాలేమో అని మాత్రమే అడగగలిగాను.

అక్టోబరు మొదటి శనివారం సాయంత్రం నాలుగింటికి కంపెనీ పికప్ మా బిల్డింగు కిందకి వచ్చింది. ఎండ తగ్గింది, నెలల తర్వాత గాలిలో కాస్త చల్లదనం ఉంది. రెండు సూట్‌కేసులు, ఒక ప్రెషర్ కుక్కరు, నేను పెట్టిన గోంగూర పచ్చడి సీసా. కుక్కరు ఆయనే కొనుక్కొచ్చారు. అయిదు లీటర్లది, ఒక్క మనిషికి పెద్దది. దాన్ని నేనే పాత గుడ్డలో చుట్టి పెట్టాను. సెలిన్ కార్డు డబ్బాని సీటు బెల్టు పెట్టి మరీ కూర్చోబెట్టింది. ల్యాప్‌టాప్ ఆయన భుజానే ఉంది. సెలిన్ ఏదో మర్చిపోయానని పైకి పరిగెత్తింది. డ్రైవరు టైర్లు చూసుకుంటున్నాడు. మేమిద్దరమే మిగిలాం.

"నన్ను ఒక్క మాట అడగాలనిపించలేదా?" అన్నాను.

"అనిపించింది." ఆయన గొంతులో కోపం లేదు. "అడిగితే నువ్వు వద్దంటావు. నువ్వు వద్దంటే నేను ఆగిపోతా కృపా, అలవాటైపోయింది. ఈసారి ఆగాలనిపించలేదు."

'నేనెందుకు వద్దంటానండీ' అనబోయాను. మాట పెదాల దాకా వచ్చింది. ఆయన వింటున్నారు. మే నెలలో, ల్యాప్‌టాప్ తెరిచిన సాయంత్రం, నా మాట ఎలా విన్నారో అలాగే వింటున్నారు.

"అవును," అన్నాను. "వద్దనేదాన్నే."

ఆయన నా మొహంలోకి చూసి తల ఊపారు. డబ్బాకి పెట్టిన సీటు బెల్టు ఒకసారి లాగి చూసుకుని, దాని పక్కన ఎక్కి కూర్చున్నారు.